ట్రాలీలో చర్చి

ధీరజ్‌కు దేవుడి మీద పెద్ద భక్తేమీ లేదు. అయినా ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో చర్చిలకు కొదవ లేదు. రెండు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండ్‌లో చిల్లర దొరక్క దుకాణదారులు సొంతంగా రాగి బిళ్ళలు కొట్టించుకునేవారట. వాటిలో చర్చి బొమ్మలున్నవి ఏరి ఏరి కొనడం అతని పిచ్చి. శనివారం సరుకులు మోసేది మాత్రం అతని భార్య ఉదయశ్రీ. ఒక్క శనివారమైనా వెంట రాకపోతాడా అని మూడేళ్ళుగా చూసి చూసి ఆమెకు విసుగొచ్చేసింది.

ఆ రోజూ అంతే. అయ్యగారు లాప్‌టాప్‌లో బిళ్ళల వేలానికి అతుక్కుపోయారు.

"ట్రాలీకి ఒక యూరో ఇయ్యి," అంది.

"టేబుల్ మీదున్నది, తీస్కపో," అన్నాడు తల తిప్పకుండానే.

చేతికందింది తీసుకుని వెళ్ళింది. తీరా సూపర్‌మార్కెట్ ముందు ట్రాలీ గొలుసు దగ్గర చూస్తే అది యూరో కాదు, చర్చి! మళ్ళీ ఇంటికి వెళ్ళి రావడానికి ఓపిక ఎక్కడిది? యూరో పెడితేనే గొలుసు ఊడే, ట్రాలీ తిరిగి పెడితేనే యూరో బయటికొచ్చే గాడిలో దాన్నే దూర్చింది. అచ్చంగా సరిపోయింది.

సరుకులు కొని బయటికొచ్చేసరికి ఒక ముసలావిడ నవ్వుతూ ఆమె చేతిలో యూరో పెట్టి, ట్రాలీని అలాగే తోసుకుపోయింది. ఇక్కడ అందరూ చేసేదే కాబట్టి ఉదయశ్రీ కూడా డాంకె అని థాంక్స్ చెప్పి సంచులు అందుకుంది. బస్‌స్టాప్ చేరాక గానీ బిళ్ళ ట్రాలీతో పాటే పోయిందన్న సంగతి తట్టలేదు.

సంచులతోనే వెనక్కి పరుగెత్తింది. ముసలావిడకు తొందరేముంది? ఒక్కో డబ్బా మీది అక్షరాలు చదివి మరీ కొంటోంది. ఆమె వెనకే తిరిగి తిరిగి చివరికి ఆ యూరో తిరిగిచ్చి బిళ్ళ దక్కించుకునేసరికి బస్సు కాస్తా వెళ్ళిపోయింది. మొగుణ్ణి, చర్చిల్ని కలిపి తిట్టుకుంటూ ఇంటిదాకా నడిచింది.

జరిగింది చెప్పగానే ధీరజ్ బిళ్ళ లాక్కుని భూతద్దం కింద పెట్టాడు.

"అయ్యో, శిఖరం మీద గీత వడ్డది ఉదయా! జర చూస్కోవద్దా?"

ఉదయశ్రీకి ఒళ్ళు మండిపోయింది. రెండు అరచేతులూ భూతద్దం కిందికి తోసింది. సంచుల పట్టీలు కోసుకుపోయి ఎర్రగా వాతలు తేలి ఉన్నాయి.

"గివి గూడ గీతలే. చూడు."

ధీరజ్ చూశాడు. అంతలో లాప్‌టాప్ టింగుమంది, కళ్ళు అటు పోయాయి.

ఉదయశ్రీ ఆ బిళ్ళ తీసి తన పర్సులో వేసి జిప్పు లాగింది.

"వచ్చే శనివారం ట్రాలీకి గూడ గిదే. దీని మీద గంత ప్రేమ, గంత పావురముంటే ఎంబడి రా."