ఎత్తని చెయ్యి

ప్రతిపక్ష సభ్యులందరినీ రాజధాని పోర్ట్ విలా బయట, సముద్రం ఒడ్డునున్న హోటల్లోకి చేర్చిన రోజే వాళ్ల నాయకుడు అలిక్ అందరి ఫోన్లూ ఒక మొగలాకు బుట్టలో వేయించి తన గదిలో పెట్టుకున్నాడు. అవిశ్వాస తీర్మానం మీద ఓటింగు అయ్యేదాకా ఎవరూ బయటివాళ్లతో మాట్లాడకూడదు. తీర్మానం నెగ్గడానికి ఎంతమంది కావాలో అంతమందే ఉన్నారు. ఒక్కరు జారిపోయినా ప్రధాని మెరలావ్ ప్రభుత్వం నిలబడిపోతుంది.

వాళ్లలో ఎజ్రా బులే ఒకడు. ఒకప్పుడు తానూ ప్రధానమంత్రిగా చేసినవాడే. అలిక్‌కి స్వయానా బావ. అతని ఓటు గురించి ఎవరికీ అనుమానం లేదు, అతనికి తప్ప.

హోటల్‌కి వచ్చిన దగ్గర్నుంచీ ఎజ్రాకి ముద్ద దిగడం లేదు. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, లేచి వరండాలోకి వెళ్లి ఉత్తరం వైపు ఆకాశం చూస్తున్నాడు. అటువైపే పెంటెకోస్ట్ దీవి, అందులో అతని ఊరు లోన్‌బులో. అక్కడ ఆసుపత్రికి కప్పు వేస్తున్నారు. తుపానుల కాలం వచ్చేసింది.

ఆ ఆసుపత్రి కథ పాతది. అలిక్ చెల్లెలు మేరియాం కాన్పు కష్టమై, కొబ్బరి మోసే ఓడలో పెద్దాసుపత్రికి తీసుకెళుతుంటే నడిసముద్రంలో చనిపోయింది. ఓడలో ఆమె తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఎజ్రా భార్య లీసలే, అలిక్‌కీ మేరియాంకీ అక్క. అప్పటి ప్రధాని జోసయా కొండ మీదుగా రోడ్డు వేయించాడు. ఆసుపత్రే లేనిదానికి రోడ్డెందుకని ఊరంతా నవ్వింది. తర్వాత ఎజ్రా ప్రధాని అయ్యాడు. భూమి మీద హక్కున్న వంశాల పెద్దలందరినీ ఒక చాప మీద కూర్చోబెట్టి ఒప్పించాడు, కొండ మీది ఊటనుంచి నీళ్లు తెప్పించాడు, పునాది వేశాడు. అంతలో మెరలావే అవిశ్వాసం పెట్టి అతన్ని దించాడు. మధ్యలో వచ్చిన ఇంకొకాయన అన్నిటినీ మళ్లీ పరిశీలించాలన్నాడు. ఆ పరిశీలన పూర్తయ్యేలోగా ఒడ్డున దింపిన సిమెంటు బస్తాలు వానకి తడిసి బండరాళ్లయ్యాయి. ఆ తర్వాత వచ్చిన మెరలావ్ గోడలు లేపాడు. ఇప్పుడు కప్పు వేయిస్తున్నాడు. బయటి దేశం డాక్టర్లను పంపే ఒప్పందం మీద సంతకం ఒక్కటే మిగిలింది.

ఓటింగుకి ముందురోజు మధ్యాహ్నం లీసలే వచ్చింది. నాయకుడి అక్క కాబట్టి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. అరిటాకుల్లో పొట్లం కట్టి ఉడికించిన పెండలం వంటకం, లాప్‌లాప్, విప్పి అతని ముందు పెట్టింది.

"తిను. చచ్చిపోయేలా ఉన్నావ్."

"కప్పు ఎంతదాకా వచ్చింది?"

"సగం. మిగతా రేకులు ఇంకా ఒడ్డునే ఉన్నాయట. పనివాళ్లు రేడియో ముందే కూర్చున్నారు. ప్రభుత్వం పడిపోతే ఇంటికెళ్లిపోతారంట."

ఎజ్రా పెండలం ముక్క తుంపి చేతిలోనే పెట్టుకున్నాడు. "నీ తమ్ముడు నాకు ఆరోగ్యశాఖ ఇస్తానంటున్నాడు. మనమే పూర్తి చేద్దామంటున్నాడు."

"నువ్వు నమ్మావా?"

"వాడు అబద్ధం చెప్పడే."

"చెప్పడు. కానీ వాడి వెనకున్న వాళ్లందరికీ తలా ఒక శాఖ కావాలి. పంచుకునేసరికి గాలివాన వచ్చిపోతుంది." ఆమె అతని ముఖంలోకి చూసింది. "నిజం చెప్పు ఎజ్రా. నీ పునాది మీద మెరలావ్ గోడలు లేచాయనే కదా నీ కడుపుమంట?"

"అవును," అన్నాడు. "నన్ను దించినవాణ్ణి నేనే నిలబెట్టాలా?"

"వాణ్ణి ఎవరు నిలబెట్టమన్నారు? నేను కప్పు గురించి అడుగుతున్నా." ఆమె ఆకులు మడిచి లేచింది. "అలిక్ నా తమ్ముడు. వాడికి ఓటు వెయ్యొద్దని నా నోటితో అనను. నీ ఇష్టం."

సాయంత్రం అలిక్ కొబ్బరి చిప్పలో మత్తెక్కించే కావా వేరు రసం పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు. "తాగు బావా. చేతులు వణుకుతున్నాయేంటి?"

"వయసు."

"రేపు ఎత్తాల్సిన చెయ్యి అది. కాస్త జాగ్రత్త," అని నవ్వాడు అలిక్. ఎజ్రా కూడా నవ్వాడు. కావా చేదుగా దిగింది.

మర్నాడు బస్సులో అలిక్ అతని పక్కనే కూర్చున్నాడు, సభలోనూ పక్కనే. ఎవరేం మాట్లాడారో ఎజ్రా చెవికెక్కలేదు. ఎదురుగా మెరలావ్ చెమట తుడుచుకుంటున్నాడు. తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండని స్పీకర్ అనగానే చుట్టూ చేతులు లేచాయి. ఎజ్రా తన రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించి పెట్టుకున్నాడు.

"బావా," అన్నాడు అలిక్ మెల్లగా. తర్వాత, "బావా, నిద్రపోతున్నావా?" ఆ తర్వాత అతని మోచెయ్యి పట్టుకుని పైకి లాగబోయాడు. ఎజ్రా కదల్లేదు. తల ఎత్తలేదు కూడా.

ఒక్క ఓటు తేడాతో తీర్మానం వీగిపోయింది.

"మా చెల్లి బతికుంటే నీ మొహాన ఉమ్మేసేది," అన్నాడు అలిక్ అందరూ వినేలా.

వరండాలో మెరలావ్ అతన్ని పక్కకి పిలిచాడు. ధన్యవాదాలేమీ చెప్పలేదు. "ఏం కావాలి నీకు? ఊరికే చెయ్యవు కదా."

"డాక్టర్ల ఒప్పందం మీద సంతకం పెట్టు. ఈ రోజే."

"అంతేనా? ఇందులో ఏదో మెలిక ఉంది."

"ఏ మెలికా లేదు. నువ్వు సంతకం పెట్టేదాకా నేనిక్కడే కూర్చుంటా."

కూర్చున్నాడు కూడా. సంతకం అయ్యాకే ఇంటికెళ్లాడు. కిటికీ అద్దం పగిలి ఉంది, లీసలే గాజుముక్కలు ఊడుస్తోంది. పార్టీ అతన్ని బహిష్కరించింది. లోన్‌బులో వాళ్లు మరీ మండిపడ్డారు. మనవాడు మంత్రి అయ్యేవాడు, చేతులారా పోగొట్టుకున్నాడన్నారు. కానీ రేకులన్నీ ఎక్కాయి. తుపాను వచ్చింది, బడి కప్పు ఎగిరిపోయింది, ఆసుపత్రి కప్పు నిలిచింది.

మెరలావ్ మాత్రం ఎక్కువ రోజులు నిలవలేదు. అతని మంత్రులే ఇద్దరు అటు దూకారు, అలిక్ ప్రధాని అయ్యాడు. ఎజ్రాకి మళ్లీ నిద్ర కరువైంది. తన మీద కోపంతో అలిక్ ఆసుపత్రికి తాళం వేయించడు కదా?

వేయించలేదు. తానే వచ్చి రిబ్బను కత్తిరించాడు. ప్రసంగంలో ఎజ్రా పేరు లేదు, మెరలావ్ పేరూ లేదు. జోసయా అంటే అక్కడి కుర్రకారులో చాలామందికి ఎవరో కూడా తెలియదు. ఎజ్రా జనం వెనకాల నిలబడి విన్నాడు. జనం భోజనాలకి కదలగానే కొత్తగా వచ్చిన డాక్టరమ్మ అతని దగ్గరకొచ్చింది. కాన్పుల గదికి కరెంటు చాలడం లేదనీ, చీకటిపడ్డాక ఎవరైనా వస్తే టార్చిలైటే గతి అనీ చెప్పింది.

ఓటింగు రోజు తర్వాత అలిక్ ఎజ్రాతో ఒక్క మాట మాట్లాడలేదు. అయినా వెళ్లి అతని చాప అంచున కూర్చున్నాడు.

"జనరేటర్ కావాలి," అన్నాడు.

అలిక్ నమలడం ఆపాడు. "సిగ్గు లేదా నీకు?"

"లేదు. కాన్పుల గదికి."

అక్క లీసలే వచ్చి తమ్ముడి ఆకులో ఇంకో చేపముక్క వేసి పక్కనే నిలబడింది.

"పంపిస్తా," అన్నాడు అలిక్ చివరికి. "కానీ దాని మీద నా పేరుంటుంది. ఇంతింత అక్షరాలతో."

"ఇంకా పెద్దగా రాయించుకో," అన్నాడు ఎజ్రా. "ఎప్పుడొస్తుంది?"

"వచ్చే ఓడకి."

"వచ్చే ఓడ ఎప్పుడు?"

"బావా, నన్ను కాస్త తిననిస్తావా?"