రాజయ్యకూ మల్లయ్యకూ పడదు

ప్రాంతీయ అధ్యయన కేంద్రంలో ఐదేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాను. నా అంశం నానక్‌రామ్‌గూడ పాత ఊరివాళ్లు. హైదరాబాద్‌లోని ఆ ఐటీ టవర్ల మధ్య వాళ్లు దొరకడమే గగనం. ఎలాగో ఒకాయన దొరికాడు. సమాచారం ఇచ్చినవాళ్ల అసలు పేరు గైడుకు కూడా చెప్పకూడదని మా కేంద్రంలో నియమం. అందుకని ఆయనకు మల్లయ్య అని పేరు పెట్టాను. పక్క టేబుల్ రవికిరణ్‌కూ ఒకాయన దొరికాడు. వాడు రాజయ్య అని పెట్టుకున్నాడు.

వాడి రాజయ్య భూమి అమ్ముకుని కుమిలిపోతున్నాడు. నా మల్లయ్య ఎవరొచ్చినా అమ్మనని మీసం మెలేశాడు. ఇంకేం, నాలుగో అధ్యాయం మొత్తం ఆ రాజయ్యను ఉతికి ఆరేశాను. రవికిరణ్ ఊరుకుంటాడా, మల్లయ్యవన్నీ కోతలని ఏకంగా ఒక వ్యాసమే అచ్చేశాడు. ఏడాదిపాటు మా ఇద్దరికీ మాటల్లేవు.

నిన్న నా వైవా. గట్టెక్కితే డాక్టర్ సెలీనా, లేకపోతే ఐదేళ్లూ మట్టికొట్టుకుపోయినట్టే. రవికిరణ్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు, నేను బోల్తా పడితే చూద్దామని.

పరీక్షించడానికి వచ్చిన రామ్మోహనరావు గారు థీసిస్ మూసి, "బానే ఉందండి. మీ మల్లయ్యా, ఆ రాజయ్యా ఒప్పుకుంటే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి విందామండి" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నేనూ రవికిరణ్ చెరో మూలకు పోయి ఫోన్లు చేశాం. ఇద్దరూ వస్తామన్నారు.

గంట తర్వాత షేర్ ఆటోలోంచి నా మల్లయ్య, అంటే అసలు పేరు పోచయ్య, ఒక్కడే దిగాడు. "రా తాతా" అంటూ మేమిద్దరం ఒకేసారి ఎదురెళ్లాం.

"రెండో ఆయన ఏరండి?" అన్నారు రామ్మోహనరావు గారు.

"రెండో ఆయన ఎవరు సారు? ఇద్దరు నాకే ఫోన్ చేసిరి" అన్నాడు పోచయ్య.

నలభై పేజీలు ఖర్చుపెట్టి నా మనిషినే నేను అబద్ధాలకోరును చేశాను. "ఇంతకీ భూమి అమ్మావా, అమ్మలేదా తాతా?" అని అందరి ముందే అరిచాను.

"ఎకరం అమ్మిన, ఇంటి జాగ ఉంచుకున్న. ఆ బాబు పోయినదాని గురించే అడిగె. నువ్వు ఉన్నదాని గురించే అడిగితివి."

ఆరు నెలల్లో మళ్లీ రాసి తెమ్మన్నారు. ఏడుపొచ్చింది. బయట మెట్ల మీద పోచయ్య పక్కన కూలబడి, "మూడొందల ప్రశ్నలు అడిగాను కదా, ఒక్కసారైనా మొత్తం చెప్పొచ్చు కదా" అని కసిరాను.

"మస్తు అడిగినవు బిడ్డా" అన్నాడు. "సగం చెప్పంగనే నీకు కావల్సింది దొరుకుతుండె. రికార్డింగ్ బంద్ జేసి లేచి పోతుంటివి."