అద్దంలోంచి వచ్చిన మొగుడు

ముక్కు అద్దానికి ఆనించి గడ్డం గీసుకోవడం ఆయనకు పెళ్లికి ముందు నుంచీ ఉన్న అలవాటు. "కాస్త వెనక్కి జరగండి" అని ఆవిడ ఇరవై రెండేళ్లుగా మొత్తుకుంటూనే ఉంది. వింటేగా! మూడు నెలల కిందట మరీ ముందుకు వంగి, అద్దంలో పడి, తిరగబడి బయటికొచ్చాడు. పాపిడి అటు మారింది, చెంప మీది పుట్టుమచ్చ ఇటొచ్చింది, గుండె కుడివైపుకు చేరింది. పక్కింటావిడ చూసి, "ఓహో, ఇటు తిరిగారా అన్నయ్యగారూ," అని, నిచ్చెన అడిగి పట్టుకుపోయింది.

కుళాయి కట్టబోయి ఇంకా తిప్పేస్తాడు. తాళం తియ్యబోయి మరోసారి వేస్తాడు. వాటికేం, సర్దుకోవచ్చు. ఆవిడ ప్రాణం తోడేస్తున్నది ఆయన తిండి. నాలుగు గుడ్లు తిన్నా ఆకలి ఆకలే. పైగా "ఇవేంటే, తియ్యగా ఉన్నాయి?" అని వంకలు. నెల తిరక్కుండా పదకొండు కిలోలు తగ్గిపోయాడు.

ఆవిడ ఉద్యోగం మందుల కంపెనీ ల్యాబులో. అమైనో ఆమ్లాల్లో ఎడమవాటంవీ కుడివాటంవీ వేరుచెయ్యడం ఆవిడ పని. రెండింట్లోనూ సరుకు ఒకటే, అమరిక మాత్రం అద్దంలో బొమ్మలా ఎదురు. ప్రాణుల ఒంట్లో మాంసకృత్తులు కట్టేది ఎడమవాటంవాటితోనే కాబట్టి అవి సీసాల్లోకి, కుడివాటంవి చెత్త డ్రమ్ములోకి. ఇప్పుడు ఈయన ఒళ్లంతా కుడివాటమే. ఎడమ చెప్పులో కుడికాలు పెట్టినట్టు, తిన్నదేదీ ఒంటికి పట్టడం లేదు.

డ్రమ్ములో పొడి కోసం మేనేజర్ దగ్గరికి వెళ్లింది.

"కారణం?"

"మా ఆయన భోజనం సార్."

"ఫారంలో ఆ గడి లేదమ్మా. 'ఇతరములు' అని రాసి మూడు కాపీలివ్వండి."

ఆ పొడి నీళ్లలో కలిపి తాగించి రెండు నెలలు ఆయన్ని నిలబెట్టింది. ఈ సోమవారం కంపెనీలో కొత్త పద్ధతి పెట్టారు. అందులో ఎడమవాటంవే తయారవుతాయి. డ్రమ్ము ఖాళీ. ఇంట్లో మిగిలింది నాలుగు చెంచాలు.

సాయంత్రం ఎప్పటిలాగే సోఫాలో గోడ వైపు ఆయన, పక్కన ఆవిడ.

"లేవండి. వచ్చిన దారినే పోయి రండి."

"రేపు చూద్దాంలే."

"మూడు నెలల నుంచీ ఇదే రేపు! అద్దం అక్కడే ఉంది, మీరిక్కడే ఉన్నారు. ఎముకలు లెక్కపెట్టొచ్చు. నన్నేం చెయ్యాలనుకున్నారసలు?" కోపంగా మొదలుపెట్టింది గానీ చివరికొచ్చేసరికి ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మనిషి దక్కడేమోనని ఆవిడకు నిజంగానే భయం పట్టుకుంది.

ఆయన నసిగాడు. "ఇన్నేళ్లూ నా గుండె గోడ వైపుండేది. ఇప్పుడు నీ వైపుంది. మళ్లీ తిరిగితే గోడ వైపుకే పోతుందిగా."

"ఓరి దేవుడా! ఇందుకా? ఈ ముక్క నోరు తెరిచి చెబితే నేనే అటు కూర్చునేదాన్ని కదండీ!"

చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి అద్దం ముందు నిలబెట్టింది. ఆయన ముక్కు ఆనించాడు, వంగాడు, పడ్డాడు, లేచొచ్చాడు. పుట్టుమచ్చ దాని చోటికి అది చేరింది. గుడ్డు ఉడకబెట్టి చేతికిస్తే కొరికి, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. ఆవిడ ఏడుస్తూనే ఉప్పు డబ్బా ఠపీమని ముందు పెట్టింది.

ఈసారి గోడ వైపు ఆవిడ కూర్చుంది, ఇటు ఆయన. రెండో గుడ్డు తింటూ ఆయన ఆవిడ వైపు ఒరిగాడు.

"ఇప్పుడు నీ గుండె గోడ వైపుకు పోయిందే."

"రోజు విడిచి రోజు మారుదాం. ముందు నోరు మూసుకుని తినండి."