పాటలో తీసేసిన చరణాలు

బొళ్ళవ్వకు ఆ పాట కంఠతా వచ్చు. కొడగు కొండల్లోని ఆ వంశానికి కోడలై వచ్చిన ముప్పై ఏళ్లుగా, పెద్దలకు పెట్టే రోజున పెద్దింటి వాకిట్లో నలుగురు డోళ్లు వాయిస్తూ పాడేదే. పాటలో వంశవీరుడు మందయ్య ఏడు రాత్రులు కన్ను మూయలేదు. మిరియాల తీగతో మాట్లాడాడు. బావిలోంచి ఎవరో పిలుస్తున్నారన్నాడు. శత్రువుల చేత చిక్కకూడదని ఆలుబిడ్డల్ని తానే నరికి, ఒంటరిగా సైన్యం మీద పడ్డాడు.

కొడుకు పూణచ్చకు ఇరవై రెండో ఏట నిద్ర పట్టడం మానేసింది. మైసూరు డాక్టరు మాత్రలు రాసి, "మీ వాళ్లలో ఇంతకుముందు ఎవరికైనా ఉండేదామ్మా?" అని అడిగాడు.

ఆ ఏడు పెద్దలకు పెట్టే రోజున బావగారు చెంగప్ప పూణచ్చను పెద్దింటి గుమ్మంలోనే ఆపేశాడు.

"పిచ్చాణ్ణి పెద్దల దీపం దగ్గరికి రానిస్తామా? మా వంశంలో లేదిది. నీ పుట్టింటి నుంచి తెచ్చావు."

"లేదా బావా? మరి ఇప్పుడు పాడింది ఎవరి గురించి? బావితో మాట్లాడినాయనకు పంది కూర పెట్టి సారా పోస్తున్నారు. నా కొడుకేమో కుక్కలా బయట నిలబడాలి."

ఎవరో కిసుక్కున నవ్వారు. "అయితే వీరుడు మాత్రలు మింగాల్సిందంటావా వదినా?"

"మింగుంటే ఆ పిల్లలు బతికేవాళ్లు. వాళ్లని నరికిన మూడోనాడు కదయ్యా, పాటలో శత్రువులు ఏరు దాటింది!"

డోళ్లు ఆగిపోయాయి. ముసలి పాటగాడు కుట్టయ్య తల వంచుకున్నాడు.

మరుసటి ఏడు పాట పొట్టిదైంది. నిద్ర మాట లేదు, తీగ లేదు, బావి లేదు. శత్రువులు గుమ్మం తొక్కాకే కత్తి లేచింది. దడి బయట కొడుకు చెయ్యి పట్టుకుని బొళ్ళవ్వ చివరిదాకా విన్నది.

పోతూ పోతూ కుట్టయ్య ఆగాడు. "పెద్దింటివాళ్లు తీసేయమన్నారు తల్లీ. పాట వాళ్లది, గొంతే నాది."

ఆమె కొడుకును తీసుకుని ఇంటిదారి పట్టింది.

పూణచ్చ మాత్రలు ఉమ్మేయడం మొదలుపెట్టి నెల దాటింది. కన్ను మూయక ఆరు రాత్రులు. ఇంటికి రాగానే, అతను పెరట్లో ఉండగా చూసి, వంటింటి కత్తినీ కొడవళ్లనూ వడ్ల గాదెలో అడుగున పూడ్చింది. పొయ్యి రాజేసింది.

"గాదెలో ఎందుకు దాచావమ్మా?" పూణచ్చ గుమ్మంలో నిలబడి మెల్లగా అడిగాడు.

"నీకెవరు చెప్పార్రా?"

అతను తల తిప్పి పెరట్లోని బావి వైపు చూశాడు.