గుర్తు పడని నీలం చొక్కా

అన్నయ్య సంచి సర్దడమంటే బట్టలు కూరి, పైన మోకాలు పెట్టి నొక్కడమే. చెల్లెలు అన్నిటినీ బయటికి లాగి మళ్ళీ మడతపెట్టింది. పదహారేళ్ళ పిల్ల. లాండ్రీలో బట్టలకు గుర్తులు కుట్టే పని ఆమెది. ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేరాలంటే లోపలివైపు ఎర్రదారంతో ఆ ఇంటి గుర్తు పడాలి. "గుర్తు పడ్డ బట్ట ఏడు సముద్రాలు దాటినా వెనక్కొస్తుంది" అని లాండ్రీ బాబాయి గొప్పలు పోయేవాడు. ఆ పిల్ల అది అక్షరాలా నమ్మింది.

అన్నయ్యను వీధిలో అందరూ "రెండ్రోజులు" అనేవారు. ఏ పనికి వెళ్ళినా "రెండ్రోజుల్లో వచ్చేస్తా" అనేవాడు, వచ్చేసేవాడు కూడా. బేకరీలో పిండిబస్తాల మీద నిద్రపోతూ దొరికాడు. లిఫ్టు నడుపుతూ, చెబుతున్న కథ పూర్తి కాలేదని జనాన్ని ఆరో అంతస్తు దగ్గర ఆపేశాడు. ఇప్పుడు రేవులో ఓడలకు రంగులు వేస్తాడట.

"ఏమిటే ఆ కుట్లు? నన్ను కూడా ఉతికి ఆరేస్తావా?"

"నోర్ముయ్. మా లాండ్రీ గుర్తు వేస్తున్నా. ఆ పనిలో ఉన్నవాళ్ళకి ఒకరి గుర్తు ఒకరికి తెలుసు. తప్పిపోతే ఇక్కడికే పంపిస్తారు."

"బట్టల్నా, నన్నా?"

ఆమె దారం పళ్ళతో తెంపింది. నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఆఖరికి తువ్వాలు కూడా అయింది.

బస్సు కదలబోతుంటే చూసింది. బట్టలారేసే తీగ మీంచి లాగి అతను తొడుక్కున్న నీలం చొక్కాకు గుర్తు లేదు! సూదీ దారం పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

"అన్నయ్యా, మెడ ఇటు వంచు!"

"ఇంతమందిలో మెడకి సూదేంటే, పిచ్చిమొహమా! రెండ్రోజుల్లో వచ్చి కుట్టించుకుంటాలే."

బస్సంతా నవ్వింది.

పదకొండు నెలలకు సంచి వచ్చింది. రేవు దగ్గర అద్దెగదిలో దిక్కులేక పడి ఉంటే, అక్కడి లాండ్రీవాళ్ళు గుర్తు చూసి పంపారు. బాబాయి "చూశావా, నేను చెప్పలా..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె ఒక్కొక్కటీ విప్పి కుట్లు తడిమింది. అన్నీ వచ్చాయి, తువ్వాలుతో సహా.

ఇప్పుడు ఆ లాండ్రీ ఆమెదే. జుట్టు నెరిసింది. నీలం చొక్కా ఏది వచ్చినా, ఎవరిదని అడక్కముందే కాలరు తిప్పి చూస్తుంది. గుర్తు లేకపోతే చాలు, సూదిలోకి ఎర్రదారం ఎక్కిస్తుంది.

అన్నయ్య తిరిగి రాలేదు. అతను వెళ్ళింది నలభై నాలుగేళ్ళ కిందట, జూన్ నెల మొదటి మంగళవారం, పొద్దున తొమ్మిదింటి బస్సులో.