షీటుతో కలిపి

నాకు ముక్కు మీద కోపం, నోటికి అదుపు తక్కువ. మా ఇంట్లో ఈ రెండింటికీ అలవాటు పడిపోయారు కాబట్టి అవి పెద్ద లోపాలని నేనెప్పుడూ అనుకోలేదు. మనసు మాత్రం మంచిదని మా ఆయన అందరికీ సర్దిచెబుతూ ఉంటాడు. ఆ మనసు సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా ఆడపడుచు, అంటే మా ఆయన అక్క, నేను పనిచేసే ల్యాబులోనే టెక్నీషియన్. నాకంటే పదిహేనేళ్ళు ముందు చేరింది. నేను సైంటిస్టుగా చేరిన కొత్తలో నన్ను చూసి, నచ్చి, తమ్ముడికి సంబంధం మాట్లాడింది కూడా ఆవిడే. ఇంట్లో నేను ఆవిడని వదినా అంటాను, ఆవిడ నన్ను ఏమే అంటుంది. ల్యాబు గుమ్మం దాటితే నేను మేడమ్‌ని. ఈ మార్పు ఎంత సాఫీగా జరిగిపోయేదంటే, మేం బంధువులమని కొత్తవాళ్ళకి తెలియడానికి నెలలు పట్టేది.

మా పని పొరలు తయారుచేయడం. పాలిమర్‌ని ద్రావకంలో కరిగించి, పల్చగా పరిచి ఆరబెడితే కాగితం కన్నా సన్నటి పొర వస్తుంది. దానికి ఒకవైపు నుంచి రెండు వాయువులు కలిపి ఒత్తిడితో పంపితే, ఒకటి చకచకా దూరి అవతలికి పోవాలి, రెండోది ఆగిపోవాలి. మాకు పోవాల్సింది కార్బన్ డయాక్సైడ్, ఆగాల్సింది మీథేన్. చిక్కేమిటంటే, ఒకదానికి దారి వదులు చేస్తే రెండోది కూడా ఆ సందులో దూరేస్తుంది. ఇప్పటిదాకా అందరూ చేసిన పొరలని ఒక గ్రాఫులో చుక్కలుగా పెడితే, వాటి పైన ఒక గీత గీయొచ్చు. ఆ గీతకి పైన చుక్క పెట్టగలిగినవాళ్ళు చాలా కొద్దిమంది. కిందటేడు నేను పెట్టాను.

మా పొర పెళుసు, ఊరికే విరుగుతుంది. అందుకని పల్చటి ప్లాస్టిక్ షీటు మీద పరిచి, పరీక్ష పెట్టేముందు షీటు ఒలిచేస్తాం. మొదటి పొర మందం నేనే కొలిచాను. యాభై మైక్రాన్లు. వాయువు ఎంత తేలిగ్గా వెళుతోందో తేల్చే లెక్కలో ఈ మందంతో గుణించాలి. గుణించి చూస్తే, చుక్క గీత దాటి పైకి పోయింది. పేపరు అచ్చయింది. డైరెక్టరు నన్ను నెత్తిన పెట్టుకున్నాడు. నా కళ్ళు కూడా అక్కడికే ఎక్కాయి.

తర్వాత అదే పొరని వదిన మళ్ళీ చేసింది. అంకె సగమే వచ్చింది. మూడుసార్లు చేసినా సగమే. సోమవారం మీటింగులో పదిహేనుమంది ఉండగా ఆ అంకెలు రాసిన కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. మా వృత్తిలో ఒక మాట ఉంది. ఇలాంటి పొరలు నిలవుంటే లోపలి ఖాళీలు కుదించుకుపోయి, వాయువు వెళ్ళడం తగ్గుతుంది. దాన్ని పొర ముసలిదవడం అంటాం.

"ముసలిదయింది పొరా," అన్నాను, "పొరని కొలిచేవాళ్ళా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వదినకి యాభై ఆరేళ్ళు. "మరోసారి చూస్తాను మేడమ్," అని కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

అది అక్కడితో ఆగలేదు. చూపు మందగించినవాళ్ళు సున్నితమైన కొలతలు చేయకూడదని డైరెక్టరు ఆ నెలాఖరుకే ఆవిడని స్టోర్సుకి మార్చాడు. అభ్యంతరమేమైనా ఉందా అని ముందు నన్ను అడిగాడు. లేదన్నాను. చెయ్యి తిరిగిన మనిషిని గ్లవుజులు లెక్కపెట్టడానికి పంపించేశాం. వదిన రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. ఆదివారం భోజనానికి ఎప్పటిలాగే మా ఇంటికి వచ్చేది. మాట మాత్రం తగ్గించింది. అలిగింది, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఏడాది గడిచిపోయింది.

పోయిన గురువారం వేరే ల్యాబు వాళ్ళు మా పొర ముక్క ఒకటి పంపమని అడిగారు. కవరు మీద మందం రాయాలి. షీటు ఒలిచి, మందం కొలిచే గేజీ కింద పెట్టాను. ఇరవై ఐదు. గేజీ పాడైందనుకుని, సున్నా సరిచూసుకుని మళ్ళీ పెట్టాను. ఇరవై ఐదే. ఒలిచిన షీటు విడిగా పెట్టాను. అదీ ఇరవై ఐదు. రెండూ కలిపి పెట్టాను.

యాభై.

షీటు మందం కూడా కలిపి గుణించాను. అందుకే నా అంకె రెట్టింపయింది. రెండు వాయువులకీ ఒకేలా రెట్టింపయింది కాబట్టి వాటి మధ్య నిష్పత్తి చెక్కుచెదరలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. నా చుక్క గీత దాటలేదు. ఎప్పుడూ దాటలేదు.

టెక్నీషియన్లు చేసిన పనంతా నంబర్లు వేసిన పేజీల పుస్తకంలో రాస్తారు. ప్రతి శుక్రవారం సైంటిస్టు చదివి, పేజీ కింద సంతకం పెట్టాలి. చదివి అని రూల్లో ఉంది. నేను ఫోనులో మాట్లాడుతూ పెట్టేదాన్ని. వదిన చేసిన పరీక్షల పుస్తకం తీశాను. ఆ మీటింగు జరిగిన వారం, బుధవారం నాటి పేజీలో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "మొదటి పొర మందం షీటుతో కలిపి కొలిచినట్టున్నారు. షీటు లేకుండా ఇరవై ఐదే వస్తోంది. దయచేసి ఒకసారి చూడగలరు."

దాని కింద నా సంతకం. తోక సాగదీసి, రెండు చుక్కలు పెట్టి, తీరిగ్గా చేసినట్టుంది.

గదిలో ఎవరూ లేరు. అయినా తల కొట్టేసినట్టయింది.

అప్పుడే లేచి వెళ్ళి చెప్పి ఉంటే ఈ కథ రాసే పనే ఉండేది కాదు. పుస్తకం సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. బయటికి తీసుకెళ్ళకూడదు దాన్ని. నాలుగు రోజులు సంచీలోనే ఉంది. ఆ నాలుగు రోజులూ నేను చేసిన ఆలోచన ఒక్కటే: ఈ పేజీ చింపితే, కుట్టుకి అటువైపున్న జతపేజీ కూడా ఊడుతుందా? శనివారం వంటింట్లో నిలబడి కుట్టు దగ్గర వేలితో లాగి చూశాను. దారం వదులుగానే ఉంది. ఆదివారం వదిన వచ్చి కూర్చుంది. కూర్చున్న కుర్చీకే ఆ సంచీ తగిలించి ఉంది. అడ్డంగా ఉందని ఆవిడే తీసి పక్కన పెట్టింది.

సోమవారం డైరెక్టరు గదికి వెళ్ళాను. ధైర్యం వచ్చి కాదు, ఇంక మొయ్యలేక.

"సార్, ఆ పేపర్లో పొరపాటు జరిగింది," అన్నాను. జరిగింది అనే అన్నాను, అదేదో వానలాగా తనంతట తను కురిసినట్టు. మందం సంగతి చెప్పాను.

ఆయన కాసేపు నుదురు రుద్దుకున్నాడు. "కొలతలన్నీ అప్పట్లో ఆవిడే కదా చూసేది, ఇప్పుడు స్టోర్సులో ఉన్నావిడ? టెక్నీషియన్ కొలతలో తేడా వచ్చిందని సవరణ పంపించెయ్యండి. ఆవిడకి పోయేదేముంది, రెండేళ్ళలో రిటైరవుతుంది. మీకు ముందు చాలా ఉంది."

నేను జవాబు చెప్పడానికి కొంతసేపు పట్టింది. ఎంతసేపో రాయను.

"కొలిచింది నేను సార్. ఆవిడ నాకు చెప్పింది కూడా," అని పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ మూడు వాక్యాలూ చదివి, కింద సంతకం చూసి, నన్ను చూసి, కిటికీ వైపు తిరిగాడు.

అక్కడినుంచి స్టోర్సుకి వెళ్ళాను. చిన్న కిటికీ, దాని వెనక వదిన, ఆవిడ వెనక సీసాల అట్టపెట్టెలు.

"ఏం కావాలి మేడమ్? చీటీ తెచ్చారా?"

పుస్తకం కిటికీ గట్టు మీద పెట్టాను. వేలు పెట్టి చూపించాను. "ఇది నేను చదవలేదు వదినా. చదవకుండా సంతకం పెట్టాను. మీరు చెప్పిందే నిజం. డైరెక్టరుకి చెప్పేశాను. పేపరు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోజు అందరిలో మిమ్మల్ని అలా అన్నాను..."

వదిన కళ్ళజోడు తీసి పేజీ వైపు చూసింది.

"చదవలేదా?"

"లేదు."

"నిజంగా చదవలేదుటే?" గొంతు మారిపోయింది. "నువ్వు చదివే సంతకం పెట్టావనుకున్నానే నేను. చదివి, తెలిసి కూడా పేపరు అలాగే ఉంచేసి, నా నోరు మూయించడానికి నన్ను ఇక్కడికి పంపించావనుకున్నాను. తమ్ముడికి చెబితే మీ కాపురంలో గొడవలొస్తాయని ఊరుకున్నాను. ఏడాదినుంచీ నీ ఇంట్లో కూర్చుని, నువ్వు వడ్డిస్తే తింటూ, నిన్ను దొంగ అనుకుంటూనే తిన్నాను."

కిటికీలోంచి చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"నీ గురించి అంత మాట ఎలా అనుకున్నానో! సిగ్గేస్తోందే నాకు. మనసులో పెట్టుకోకు. నన్ను క్షమించు."

ఆ నాలుగు రోజుల సంగతి అప్పుడు చెప్పాలి. కుట్టు దగ్గర లాగి చూసిన సంగతి చెప్పాలి. గొంతు దాకా వచ్చింది. వెనకాల ఎవరో చీటీతో వచ్చి నిలబడ్డారు. వదిన నా చెయ్యి వదల్లేదు.

"పర్వాలేదులే వదినా," అన్నాను.