కోకిల ఎటు కూసింది

ఆర్విడ్ మాస్టారి పాత డైరీలు చేతికొచ్చాక గున్వోర్ పొయ్యి మీద కాఫీ పొంగని రోజు లేదు. పొంగదా మరి! వందేళ్ళ కిందటి ఆ బడిపంతులు రాసిందేమిటనుకున్నారు? "గడ్డకట్టిన సరస్సు ఇవాళ మూలిగింది, చూలావు లేచేటప్పుడు మూలిగినట్టు." "బిర్చ్ చెట్టుకి ఆకు ఎలుక చెవంత వచ్చింది." ఒక్కొక్క వాక్యమే. చదివితే ఆ రోజంతా కళ్ళ ముందుకొచ్చి కూర్చునేది. ఏం చూపయ్యా ఆ మనిషిది!

వాటిని ఊరి చరిత్ర సంఘం అచ్చు వేయించాలని గున్వోర్ పట్టుదల. సంఘం అధ్యక్షుడు ఆమె బావ టోర్వాల్డే. వాతావరణ కేంద్రంలో నలభై ఏళ్ళు గాలీ వానా కొలిచి రిటైరైన ఘటం.

"మీ మాస్టారు అబద్ధాలకోరు మరదలా," అన్నాడాయన. "వరసగా ముప్పై ఒక్క ఏళ్ళు తొలి కోకిల పడమరే కూసిందట! దానికి వేరే దిక్కే లేదా?"

గున్వోర్ గతుక్కుమంది. వసంతంలో తొలి కోకిల కూత దక్షిణాన వినబడితే ఇంట్లో చావు, పడమరైతే అంతా మేలు. ఆ చలిదేశపు ఊళ్ళో ఆ సంగతి పసిపిల్లలకీ తెలుసు.

"మేలు కోసం దిక్కు మార్చినవాడు తేదీలు మార్చలేదని ఏంటి నమ్మకం? నేనొప్పుకోను," అన్నాడు టోర్వాల్డ్.

"చాల్లే సంబడం! సాయంత్రం దాకా ఆగు బావా."

ఇంటికెళ్ళి కోకిల పుటలన్నీ బల్ల మీద పరిచింది. "మే 9. కోకిల, పడమర. 740 అడుగులు." "మే 12. కోకిల, పడమర. 4,200 అడుగులు." పిట్ట ఎంత దూరంలో ఉందో రాశాడని ఇన్నాళ్ళూ అనుకుంది. ముప్పై ఒకటో ఏట మాత్రం ఇంకాస్త రాశాడు: "మే 7. గుమ్మంలో ఉండగా దక్షిణాన కూసింది. స్టీనా బెదిరిపోయింది. చిత్తడి నేల చుట్టూ నడిపించాను. సగంలో కూలబడితే ఎత్తుకున్నాను. కోకిల, పడమర. 6,100 అడుగులు."

"నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అని నెత్తి కొట్టుకుంది గున్వోర్. అవి నడిచిన అడుగులు! కూత పడమరగా వినబడే చోటు దాకా, ఏటేటా, పెళ్ళాం స్టీనా చెయ్యి పట్టుకుని. అంత నడిచాకే ఆ ముక్క రాశాడు మహానుభావుడు. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సాయంత్రం టోర్వాల్డ్ ఆ పుట రెండుసార్లు చదివాడు. "సరే, కథ బాగుంది. నిజమని రుజువేది?"

గున్వోర్ ఆయన తెరవని ఆఖరి పుస్తకం తెరిచి పెట్టింది. ముప్పై రెండో ఏడు. "మే 10. కోకిల, దక్షిణం. 0 అడుగులు."

"ఈసారెందుకు నడవలేదు?"

"ఎవరి కోసం నడుస్తాడు బావా? స్టీనా ఫిబ్రవరిలోనే పోయింది."

టోర్వాల్డ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అచ్చుకిద్దాం," అన్నాడు చివరికి. "అడుగులు ఒక్కటి కూడా వదలొద్దని చెప్పు."